అమెరికాలో ఉంటూ ఇండియా పెళ్లికి విడాకులు: కోర్టు ఎంపిక నుంచి డిక్రీ దాకా నా అనుభవం

ఇద్దరూ భారత పౌరులు. పెళ్లి తెలుగునాట, హిందూ సంప్రదాయంలో. కాపురం అమెరికాలో, ఒకరు హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద, ఒకరు హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద. విడిపోవడానికి ఇద్దరూ సరేనన్నారు. ఇలాంటి జంట ఏ కోర్టుకు వెళ్లాలి, ఏ కాగితం ఎక్కడ చెల్లుతుంది, ఏ తేదీలోపు ఏ పని ముగించుకోవాలి అన్నవి ఈ దారి మొత్తం నడిచాక తెలిసినంత మేర రాస్తున్నాను. ఎందుకు విడిపోయామన్నది ఇక్కడ అనవసరం. మేం టెక్సస్‌లో ఉంటూ ఇండియా ఫ్యామిలీ కోర్టులో పరస్పర అంగీకార విడాకులు తీసుకున్నాం కాబట్టి ఆ దారి గురించే ఎక్కువ ఉంటుంది. అమెరికా కోర్టు దారి కూడా చెప్తాను, పిల్లలున్న వాళ్లకు చాలావరకు అదే సరైనది.

ఎవరినైనా సలహా అడిగితే అమెరికా లాయర్ అమెరికాలో వేయమంటారు, హైదరాబాద్ లాయర్ హైదరాబాద్‌లో వేయమంటారు. ఎవరి దేశంలో చెల్లేది వాళ్లు చెప్తారు. రెండుచోట్లా చెల్లాలన్న పట్టింపు ఉండేది మనకే. ఆ డిక్రీ పట్టుకుని రేపు ఇండియాలో మళ్లీ పెళ్లి చేసుకోవాలి, పాస్‌పోర్టులో భర్త లేదా భార్య పేరు తీయించాలి, ఫ్లాటు అమ్మాలి. కోర్టును ఎంచుకునేటప్పుడు ఇవన్నీ ముందుపెట్టుకుని చూడాలి.

అమెరికా డిక్రీకి ఇండియాలో విలువెంత

అమెరికాలో కేసు వేయడం పైకి సులువుగానే కనిపిస్తుంది. టెక్సస్‌లో అయితే ఇద్దరిలో ఒకరు రాష్ట్రంలో ఆరు నెలలు, కౌంటీలో 90 రోజులు ఉండాలి. పిటిషన్ వేశాక 60 రోజులు ఆగితే డిక్రీ ఇవ్వొచ్చు. కాలిఫోర్నియాలో రాష్ట్రంలో ఆరు నెలలు, కౌంటీలో మూడు నెలలు ఉండాలి. పైగా అవతలి మనిషికి కాగితాలు అందిన దగ్గర్నుంచి ఆరు నెలలు గడిస్తేగాని వివాహం రద్దు కాదు. ఇల్లినాయ్‌లో నివాసం 90 రోజులు. న్యూజెర్సీలో మామూలుగా ఏడాది. వీసా మీద ఉన్నవాళ్లకు ఈ నివాసం లెక్క వర్తిస్తుందా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. సాధారణంగా వర్తిస్తుంది. అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్స్, ట్యాక్స్ రిటర్న్ చూపిస్తే సరిపోతుంది.

చిక్కంతా ఆ డిక్రీ ఇండియాలో దిగాక. దీనికి మూలం 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి తీర్పు. అదీ మన తెలుగువాళ్ల కేసే. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త తర్వాత అమెరికాలో మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో 90 రోజుల నివాసం చూపించి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరం కింద కేసు పెట్టింది. ఆ అమెరికా డిక్రీ ఇక్కడ పనికిరాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణం మీద ఇచ్చిన డిక్రీనే గుర్తిస్తామన్నది సూత్రం. దీనికి మూడు మినహాయింపులు పెట్టింది. ప్రతివాది శాశ్వతంగా నివాసముంటున్న చోట, మన చట్టంలో ఉన్న కారణం మీదే కేసు నడిస్తే ఒకటి. ప్రతివాది తనంతట తాను ఆ కోర్టుకు వచ్చి, మన చట్టంలోని కారణం మీద వాదించి ఓడితే రెండు. ప్రతివాది విడాకులకు ఒప్పుకుంటే మూడు.

మనకు పనికొచ్చేది ఆ మూడోదే. అమెరికాలో దాదాపు అన్ని విడాకులూ ఎవరి తప్పూ చూపకుండా ఇచ్చేవే. కాలిఫోర్నియాలో ఇర్రీకన్సైలబుల్ డిఫరెన్సెస్ అంటారు, టెక్సస్‌లో ఇన్‌సపోర్టబిలిటీ అంటారు. హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు. కాబట్టి ఒకరు కేసు వేసి, రెండోవాళ్లు పలక్కుండా ఊరుకుంటే వచ్చే డీఫాల్ట్ డిక్రీ ఇండియాలో నిలబడటం కష్టం. అమెరికా లాయర్లు మాత్రం ఖర్చు తక్కువని ఆ డీఫాల్ట్ దారే చూపిస్తారు. వాళ్ల ఊరికి అది సరిపోతుంది మరి.

అందుకే అమెరికాలో తీసుకునేవాళ్లు ఒప్పుకోలు కాగితం మీద గట్టిగా కనిపించేలా చూసుకోవాలి. టెక్సస్ సంగతే చెప్తాను. ప్రతివాది నోటరీ ముందు సంతకం చేసే వేవర్ ఆఫ్ సర్వీస్ అని ఒక కాగితం ఉంటుంది, దాన్ని పిటిషన్ దాఖలైన తర్వాతే సంతకం చేయాలి. ముందే చేసిపెట్టింది చెల్లదు. చాలామంది దీంతో సరిపెట్టుకుంటారు. కానీ అందులో ఉన్నది నాకు నోటీసు అక్కర్లేదన్న మాటే, విడాకులకు ఒప్పుకున్నానన్న మాట కాకపోవచ్చు. కాబట్టి ప్రతివాది తరఫున ఆన్సర్ (పిటిషన్‌కు రాతపూర్వక జవాబు) కూడా దాఖలు చేయించి, ఫైనల్ డిక్రీ చివర "అప్రూవ్డ్ అండ్ కన్సెంటెడ్ టు యాజ్ టు బోత్ ఫామ్ అండ్ సబ్‌స్టెన్స్" అన్న వాక్యం కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక్క "ఫామ్" అని రాసి వదిలేస్తే నమూనాకు ఒప్పుకున్నట్టే తప్ప విషయానికి కాదు. సెటిల్‌మెంట్ ఒప్పందంలో నాలుగు ముక్కలు ఇంకా వేయించాలి: పెళ్లి ఎక్కడ, ఏ తేదీన, ఏ చట్టం కింద జరిగింది, ఏ తేదీ నుంచి ఏడాదికి పైగా విడిగా ఉంటున్నారు, ఇద్దరూ ఈ కోర్టు అధికారాన్ని ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నారు, విడాకులకు ఇద్దరి సమ్మతీ ఉంది. ఈ మాటలుంటే ఆ డిక్రీ హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకులకున్న 13బి సెక్షన్‌కు దాదాపు అద్దంలో బొమ్మలా ఉంటుంది.

డిక్రీ వచ్చాక కోర్టు క్లర్క్ (టెక్సస్‌లో డిస్ట్రిక్ట్ క్లర్క్) దగ్గర సర్టిఫైడ్ కాపీలు తీసుకుని, రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించాలి. ఫొటోస్టాట్ సాక్ష్యంగా పనికిరాదని పైన చెప్పిన తీర్పులోనే ఉంది. ఎవరైనా సవాలు చేస్తారన్న భయముంటే ఫ్యామిలీ కోర్టులో వైవాహిక స్థితి డిక్లరేషన్ కోసం దావా వేసుకునే వీలుంది. ఆ ఖర్చూ సమయమూ ముందే లెక్కలో వేసుకుంటే, అమెరికా విడాకులు పైకి కనిపించినంత చవక కాదని తెలుస్తుంది.

డబ్బు విషయం వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద ఇంగ్లండ్, సింగపూర్, యూఏఈ లాంటి దేశాల డబ్బు డిక్రీలను మన జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అమెరికా కోర్టు ఇమ్మన్న భరణాన్ని ఇండియాలో ఉన్న ఆస్తి నుంచి రాబట్టాలంటే ఆ తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్త దావా వేయాలి, అదీ తీర్పు తేదీ నుంచి మూడేళ్లలోపు.

ఇద్దరిలో ఒకరు అప్పటికే ఇండియాకు తిరిగొచ్చేసి ఉంటే అమెరికా సమన్లను ఈమెయిల్లోనో ఫెడెక్స్‌లోనో పంపితే కుదరదు. హేగ్ సర్వీస్ ఒప్పందంలో పోస్టు ద్వారా పంపడానికి ఇండియా అభ్యంతరం చెప్పింది. ఢిల్లీలోని న్యాయశాఖ ద్వారా రావాలి, నెలలు పడుతుంది.

ఇండియాలో వేస్తే ఏ ఊళ్లో

హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోట, ప్రతివాది ఉంటున్న చోట, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట, పిటిషనర్ భార్య అయితే ఆమె ఉంటున్న చోట వేయొచ్చు. ఇద్దరూ అమెరికాలో ఉన్నప్పుడు మిగిలేది ఎక్కువగా పెళ్లి జరిగిన చోటే. ఇక్కడ చూడాల్సింది ఫంక్షన్ హాలు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందన్నది. హైదరాబాద్‌లో పెళ్లి అని అందరూ అంటారు గానీ హాలు ఊరి శివార్లలో ఉంటే అది రంగారెడ్డి జిల్లా కోర్టుకో మేడ్చల్ మల్కాజిగిరి కోర్టుకో పోతుంది. రిసెప్షన్ జరిగిన చోటు లెక్కలోకి రాదు, తాళి కట్టిన చోటే. కొండమీద పెళ్లయితే తిరుపతి. తప్పు కోర్టులో వేస్తే ఆఫీసు అభ్యంతరంతో పిటిషన్ రిటర్న్ అవుతుంది, కేసు నంబర్ పడకముందు ఇచ్చే ఎస్.ఆర్. నంబర్ దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్ల సంతకాలతో మళ్లీ మొదలుపెట్టాలంటే కొరియర్ల మీదే వారాలు పోతాయి.

పెళ్లయి ఏడాది నిండకుండా పిటిషన్ వేయడానికి 14వ సెక్షన్ అడ్డు. 13బి(1) కింద ఏడాదిగా విడిగా ఉంటున్నామని చెప్పాలి. విడిగా అంటే వేరే ఇళ్లలోనే ఉండాలని లేదు, ఒకే కప్పు కింద ఉంటూ భార్యాభర్తల్లా మెలగకపోయినా విడిగా ఉన్నట్టేనని 1991లో సురేష్టాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో అద్దెలకు భయపడి ఒకే అపార్ట్‌మెంట్‌లో చెరో గదిలో ఉండే జంటలకు ఇది పెద్ద ఊరట. అయితే ఆ తేదీని ఇద్దరూ ఒకటే చెప్పాలి. పిటిషన్‌లో ఒక తేదీ, అమెరికా ట్యాక్స్ కాగితాల్లో ఇంకో కథ ఉంటే ప్రశ్నలొస్తాయి. అదే తీర్పులో ఇంకో సంగతి ఉంది: డిక్రీ వచ్చేదాకా ఎవరైనా తమ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు ఎప్పుడు చేతులు మారాలన్నది దీన్నిబట్టే నిర్ణయించుకోవాలి.

మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి వేసే పిటిషన్) తర్వాత ఆరు నెలలు ఆగి, 18 నెలల్లోపు రెండో మోషన్ (డిక్రీ ఇమ్మని మళ్లీ కోరడం) వేయాలని 13బి(2) చెప్తుంది. 2017 సెప్టెంబర్ 12న అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదంది. కానీ షరతులున్నాయి. మొదటి మోషన్ వేసేనాటికే విడిగా ఉండటం మొదలై ఏడాదిన్నర దాటి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లల సంగతి నిజంగా తేలిపోయి ఉండాలి. అప్పుడు మొదటి మోషన్ అయిన వారానికే ఆ ఆరు నెలల మాఫీ కోరుతూ ఐ.ఏ. (కేసు మధ్యలో వేసే దరఖాస్తు) వేయొచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జి ఇష్టం. అమెరికాలో ఉద్యోగం, సెలవులు దొరకవు అన్నది ఒక్కటే కారణంగా రాస్తే బలం ఉండదు. షరతులన్నీ పేరుపేరునా చూపించి, ఆధారాలు జతచేస్తే ఫలితం ఉంటుంది. ఏడాదిన్నర నిండటానికి రెండు మూడు నెలలే తక్కువైతే, తొందరపడి మొదటి మోషన్ వేయకుండా ఆ నెలలు ఆగి వేయడమే లాభం.

ఎస్.పి.ఏ., అపోస్టిల్, మూడు నెలలు

ఇద్దరూ రాలేనప్పుడు తల్లిదండ్రుల్లో ఒకరికో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఎస్.పి.ఏ.) ఇస్తారు. భర్త తరఫున ఒకరు, భార్య తరఫున వేరొకరు ఉండాలి. ఒకే మనిషి ఇద్దరికీ ఉంటే ఒత్తిడి అనుమానం వస్తుంది. జనరల్ పవర్ ఇవ్వకండి, ఆస్తులు కూడా కలిసిపోతాయి. ఎస్.పి.ఏ.లో ఏమేం చేయొచ్చో విడివిడిగా రాయాలి: పిటిషన్ మీద, వెరిఫికేషన్ మీద సంతకం, వకాల్తా ఇవ్వడం, మాఫీ ఐ.ఏ. వేయడం, డీడీ తీసుకోవడం లేదా ఇవ్వడం, ఒరిజినల్ కాగితాలు వెనక్కి తీసుకోవడం, సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు. చివరి రెండూ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. డిక్రీ వచ్చాక కాపీ కోసం మళ్లీ కొత్త పవర్ పంపాల్సి వస్తుంది.

అమెరికాలో దీన్ని రెండు రకాలుగా చేయించొచ్చు. ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్టేషన్ ఒకటి. నోటరీ ముందు సంతకం చేసి, ఆ నోటరీకి కమిషన్ ఇచ్చిన రాష్ట్రం సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ వేయించడం రెండోది. ఒక రాష్ట్రంలో నోటరీ చేయించి ఇంకో రాష్ట్రానికి పంపితే తిప్పి పంపుతారు. న్యూయార్క్‌లో అయితే మధ్యలో కౌంటీ క్లర్క్ ధ్రువీకరణ కూడా కావాలి. ప్రతి పేజీ కింద సంతకం, మొదటి పేజీలో ఫొటో, ఫొటో మీదుగా సంతకం, పవర్ తీసుకునే మనిషి ఫొటో, ఆధార్ నంబర్: ఇవన్నీ అమెరికా నోటరీకి వింతగా ఉంటాయి గానీ మన రిజిస్ట్రార్ ఆఫీసు చూసేవి ఇవే.

కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు డ్యూటీ కట్టించి వాలిడేట్ చేయించాలి, స్టాంపు చట్టం 18వ సెక్షన్ అది. కొరియర్ కవరు పారేయొద్దు, ఏ రోజు చేరిందో చూపించేది అదే. ఈ గడువు దాటిందంటే చాలామంది కొత్త పవర్ తెప్పించుకోవడమే చేస్తారు, వాదించేకన్నా అదే త్వరగా తెమిలే పని.

పేర్ల తకరారు

మనవాళ్ల పిటిషన్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. పెళ్లి కార్డులో ముద్దుపేరు, స్కూల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఒక అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, అమెరికా వీసాలో గివెన్ నేమ్ ఖాళీగా ఉండి ఎఫ్.ఎన్.యు. (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని, భార్య పాస్‌పోర్టు పెళ్లి తర్వాత రెన్యూ చేయిస్తే భర్త ఇంటిపేరుతో. పిటిషన్ హెడ్డింగ్‌లోనే "అలియాస్" పెట్టి అన్ని రూపాలూ రాయించాలి. డిక్రీలో పేరు కూడా అలాగే వస్తుంది. లేకపోతే డిక్రీలో ఉన్న మనిషీ పాస్‌పోర్టులో ఉన్న మనిషీ ఒకరేనని రుజువు చేయడానికి వేరే అఫిడవిట్లు. డిక్రీ వచ్చాక దిద్దించడానికి మళ్లీ పిటిషన్ వేయాలి, ముందు దిద్దించడానికి ఒక్క గంట చాలు.

జతచేయాల్సినవి పెళ్లి కార్డు, పెళ్లి ఫొటో, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అది, ఇద్దరి ఆధార్, పాస్‌పోర్టు మొదటి చివరి పేజీలు, వీసా పేజీ, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం), అమెరికా అద్దె ఒప్పందం, సెటిల్‌మెంట్ ఎం.ఓ.యు. (ఇద్దరూ రాసుకున్న ఒప్పంద పత్రం). ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులుంటే, గృహహింస కేసైనా వరకట్న కేసైనా భరణం కేసైనా, నంబర్లతో సహా ఎం.ఓ.యు.లో రాయాలి. ఏది ఎవరు ఎప్పటికి వెనక్కి తీసుకుంటారో, క్రిమినల్ కేసుకు హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టివేత) పిటిషన్ ఎవరు వేస్తారో కూడా. విడాకులొచ్చాయి కదా అని క్రిమినల్ కేసు తనంతట తాను పోదు. ఎయిర్‌పోర్టులో మనిషిని ఆపమనే లుకౌట్ సర్క్యులర్ తగిలేది ఇలాగే.

వీడియోలో హియరింగ్

పవర్ ఇచ్చిన మనిషి సంతకాలు పెట్టగలరు గానీ మన మనసులో మాటకు సాక్ష్యం చెప్పలేరు. విడాకుల్లో సమ్మతి నిజమేనా అన్నది జడ్జి స్వయంగా తెలుసుకోవాలనుకుంటారు. అందుకే పవర్ ఉన్నా వీడియోలో ఒకసారైనా కనపడమంటారు. కొన్ని కోర్టులు మొదటి మోషన్‌కి పవర్‌తో సరిపెట్టుకుని రెండోదానికి వీడియో అడుగుతాయి, కొన్ని రెండింటికీ అడుగుతాయి. హైకోర్టుల వీడియో కాన్ఫరెన్సింగ్ నిబంధనల్లో విదేశంలో ఉన్న మనిషిని విచారించేటప్పుడు అక్కడి ఇండియన్ ఎంబసీ లేదా కాన్సులేట్ అధికారి పక్కన ఉండే ఏర్పాటు ఉంది. జడ్జి దాన్ని పట్టుబడితే కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం ముందే రాసుకోవాలి. ఇద్దరూ కలిసి వేసిన పిటిషన్లలో ఇంటి నుంచే మాట్లాడనిచ్చే జడ్జీలూ ఉన్నారు. వీడియో కోసం వేసే ఐ.ఏ.లోనే ఈ అనుమతి కూడా కోరాలి.

సమయం లెక్క జాగ్రత్త. కోర్టు 10:30కి మొదలైతే డాలస్‌లో వేసవిలో సరిగ్గా అర్ధరాత్రి 12, చలికాలంలో ముందురోజు రాత్రి 11. కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి 10 లేదా 9. అంటే 15వ తేదీ వాయిదా అక్కడ 14 రాత్రి. కాజ్ లిస్టులో (ఆ రోజు కేసుల జాబితాలో) నంబర్ ఎంతన్నది లాయర్ గుమాస్తా చెప్తారు, పిలుపు రావడానికి తెల్లవారుజాము కావచ్చు.

గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరాని చుట్టూ తిప్పి చూపించమంటారు. ఒరిజినల్ పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ఫొటో పేజీ చూపించాలి. అడిగేవి కొన్నే: పేరేంటి, తండ్రి పేరేంటి, పెళ్లి ఎప్పుడు ఎక్కడైంది, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు, కలిసి ఉండే అవకాశం ఏమైనా ఉందా, ఎవరైనా బలవంతపెట్టారా, భరణం ముట్టిందా, ఇంకేమైనా రావాలా, బంగారం సామాను తీసుకున్నారా. తేదీలు తడబడకుండా చెప్పాలి. "మా లాయర్ గారికి తెలుసు" అన్నారంటే హియరింగ్ అక్కడితో ఆగి ఇంకో వాయిదా పడుతుంది. జడ్జి తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పండి, ఇంగ్లిష్‌లో చెప్పాలన్న మొహమాటం వద్దు.

భరణం డీడీ రూపంలో రెండో మోషన్ రోజు ఇవ్వడం ఆనవాయితీ, పెద్ద మొత్తమైతే సగం మొదటి మోషన్‌కి, మిగతా సగం చివరికి. సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు చివరిదాకా ఉంటుంది కాబట్టి మొత్తం ముందే ఇచ్చేయడం ఇచ్చేవాళ్లకు ప్రమాదం, ఏమీ తీసుకోకుండా చివరిదాకా ఆగడం తీసుకునేవాళ్లకు ప్రమాదం. డీడీ గడువు మూడు నెలలే. వాయిదా మీద వాయిదా పడి గడువు దాటితే కోర్టులో చేతికి ఇచ్చేది చెల్లని కాగితం అవుతుంది. రెండో మోషన్‌కి వారం ముందు తీస్తే సరి.

వీసా గడియారం

హెచ్-4 మీద ఉన్నవాళ్లకు విడాకుల తేదీయే స్టేటస్ ముగిసే తేదీ. ఐ-94లో ఇంకా రెండేళ్లు ఉన్నా అంతే. హెచ్-4 ఈఏడీ (వర్క్ పర్మిట్) మీద చేసే ఉద్యోగం కూడా ఆ రోజుతో ఆగాలి. ఉద్యోగం పోయినప్పుడు హెచ్-1బి వాళ్లకూ వాళ్ల కుటుంబానికీ ఇచ్చే 60 రోజుల వెసులుబాటు విడాకులకు వర్తించదు. చాలామంది ఈ రెంటినీ కలిపేసుకుంటారు.

కాబట్టి ముందు స్టేటస్ మార్పు, తర్వాత డిక్రీ. చదువుకుంటామంటే కాలేజీ నుంచి ఐ-20 (అడ్మిషన్ కాగితం) తెచ్చుకుని ఎఫ్-1కి (విద్యార్థి స్టేటస్‌కి) ఐ-539 అనే స్టేటస్ మార్పు దరఖాస్తు వేయాలి. ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. సొంత హెచ్-1బి కావాలంటే మార్చి లాటరీ, అక్టోబర్ 1 నుంచి పని. ఇదివరకు ఎప్పుడో లాటరీలో ఎంపికై హెచ్-1బి మీద పనిచేసి హెచ్-4కి మారినవాళ్లైతే ఆరేళ్లలో మిగిలిన కాలానికి మళ్లీ లాటరీ అక్కర్లేదు, కంపెనీ ఎప్పుడైనా పిటిషన్ వేయొచ్చు. ఇలాంటివాళ్లు తమ పాత ఐ-797 (హెచ్-1బి మంజూరు నోటీసు) కాగితాన్ని వెతికి పెట్టుకోవాలి. కొట్టే భర్త నుంచి బయటపడుతున్న హెచ్-4 వాళ్లకు ఐ-765వి అనే వేరే వర్క్ పర్మిట్ దారి ఉంది, దాన్ని ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో విడాకులకు ముందే మాట్లాడాలి.

ఇండియాలో వేయడంలో నాకు కనిపించిన పెద్ద సౌలభ్యం ఇదే: రెండో మోషన్ ఆరు నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా వేయొచ్చు కాబట్టి, స్టేటస్ తేలేదాకా డిక్రీని ఆపుకోవచ్చు. కానీ ఒక మెలిక. ఐ-539 పెండింగ్‌లో ఉండగా అమెరికా దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే. కోర్టు వాయిదాకి ఇండియా వెళ్లొస్తామనుకునేవాళ్లు స్టేటస్ మార్పు పోగొట్టుకోవడం ఇలాగే. వీడియో హియరింగ్ అందుకే ముఖ్యం, టికెట్ డబ్బుల కోసం కాదు.

గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్లకు ఇంకా గట్టి దెబ్బ. భర్త లేదా భార్య ఉద్యోగం మీద వేసిన ఐ-485 (గ్రీన్‌కార్డ్ దరఖాస్తు) మంజూరయ్యేనాటికి వివాహం నిలిచి ఉండాలి. మధ్యలో విడాకులైతే డిపెండెంట్ దరఖాస్తు పోతుంది, అసలు దరఖాస్తుదారుకి ఏమీ కాదు. ఎన్నేళ్లు క్యూలో ఉన్నారన్నది కూడా ఎవరూ చూడరు. సెటిల్‌మెంట్ మొత్తం మాట్లాడుకునేటప్పుడు ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం, ఇండియా లాయర్లు దీన్ని అసలు తలవరు.

పిల్లలుంటే

పిల్లలు ఆరు నెలలుగా ఏ రాష్ట్రంలో ఉంటున్నారో ఆ రాష్ట్రమే కస్టడీ తేల్చాలన్నది అమెరికాలో నడిచే పద్ధతి. ఇండియా కోర్టు డిక్రీలో కస్టడీ రాయించుకున్నా అక్కడి కోర్టు దాన్ని పక్కన పెట్టొచ్చు. పిల్లల్ని ఒకరు ఇండియాకు తెచ్చేసుకుంటే పిల్లల అపహరణపై ఉన్న వేరే హేగ్ ఒప్పందం ద్వారా వెనక్కి రప్పించే దారి లేదు, ఇండియా అందులో చేరలేదు. అందుకే అమెరికా జడ్జీలు ఇండియా ప్రయాణం పేరెత్తగానే షరతులు పెడతారు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, రెండోవారి రాతపూర్వక సమ్మతి, తిరుగు టికెట్ కాపీ, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే కార్డు) రెన్యూవల్‌కి సంతకం ఎవరు పెట్టాలి అన్నవి పేరెంటింగ్ ప్లాన్‌లోనే తేల్చుకుంటే ప్రతి వేసవి సెలవులకూ గొడవ ఉండదు. పదహారేళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టుకు మామూలుగా ఇద్దరి సంతకాలూ కావాలి.

ఆస్తులు, ఆ తర్వాత

ఇండియాలో ఉన్న ఫ్లాటును అమెరికా కోర్టు రాతతో మార్చలేం. రిలీజ్ డీడో సెటిల్‌మెంట్ డీడో రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, దానికి వేరే పవర్ కావాలి, కోర్టు ఎస్.పి.ఏ. పనికిరాదు. హోమ్ లోన్ ఇద్దరి పేరా ఉంటే బ్యాంకు ఒకరిని విడుదల చేసేదాకా బాధ్యత ఇద్దరిదీ. అమెరికాలో 401కె (ఉద్యోగి రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా) పంచాలంటే క్యూడీఆర్ఓ అనే ప్రత్యేక కోర్టు ఆర్డర్ ఉండాలి, ఇండియా డిక్రీని ప్లాన్ కంపెనీ ఒప్పుకోదు. పెద్ద 401కె ఉన్న జంట అమెరికాలోనే వేయడానికి ఇది ఒక్కటే చాలు కారణం.

హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉన్న భార్యకో భర్తకో విడాకుల తర్వాత కోబ్రా అనే అమెరికా చట్టం కింద 36 నెలల దాకా కొనసాగే హక్కుంది, ప్లాన్‌కి 60 రోజుల్లో చెప్పాలి. ట్యాక్స్‌కి డిసెంబర్ 31న ఉన్న స్థితే లెక్క. డిసెంబర్ 30న డిక్రీ వస్తే ఆ ఏడాదంతా ఒంటరిగా ఉన్నట్టే ఫైల్ చేయాలి. 2018 తర్వాత చేసుకున్న ఒప్పందాల కింద ఇచ్చే భరణానికి ఫెడరల్ ట్యాక్స్‌లో మినహాయింపు లేదు, తీసుకునేవాళ్లకు పన్నూ లేదు.

సర్టిఫైడ్ కాపీలు కనీసం నాలుగైనా తీసుకోండి, కాపీ అప్లికేషన్ ప్రతిసారీ మొదటి నుంచి వేయాలి. జడ్జిమెంట్ వేరు, డిక్రీ వేరు, రెండూ కావాలి. మళ్లీ పెళ్లికి తొందరున్నా ఇండియా డిక్రీ మీద ఉండే 90 రోజుల అప్పీలు గడువు గడవనివ్వడం మేలు. టెక్సస్‌లో తీసుకున్నవాళ్లకు 30 రోజులపాటు వేరొకరిని పెళ్లి చేసుకోకూడదన్న నిషేధం విడిగా ఉంది. ఇక ఇండియా బ్యాంకు ఖాతాలు, పీఎఫ్, ఎల్ఐసీ, డీమ్యాట్‌లలో నామినీ పేర్లు డిక్రీతో వాటంతటవే మారవు. ఒక్కోచోటా ఫారం నింపి విడిగా మార్పించుకోవాలి.